తెల్లవారుజామున తండ్రిని లేపిన కుమారుడు

చదువవలసిన భాగములు: ఆదికాండము 37:1-11, అపొస్తలుల కార్యములు 9:1-28.



1904వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీ తెల్లవారుజామున పంజాబులోని రాంపూరు అను గ్రామములో ఒక తండ్రి నిద్రించుచుండెను. ఆయన పేరు సర్దార్ షేర్ సింగు. సిక్కు మతస్థుడు, భూస్థితి గలవాడు, ఊరిలో మాట చెల్లుబడి గలవాడు. అది మంచి చలికాలము, ఇంకను చీకటి విడలేదు. అట్టి సమయమున 15 ఏండ్ల కడగొట్టు కుమారుడు వచ్చి ఆయనను లేపెను. తాను యేసుక్రీస్తును కన్నులార చూచితిననియు, ఆయన తనతో మాటలాడెననియు, ఇకమీదట తాను ఆయనవాడననియు ఆ బాలుడు చెప్పెను.

ఆ బాలుడే తరువాత లోకమంతట సాధు సుందర్ సింగు అను పేర ప్రసిద్ధి చెందినవాడు. ఆయన చరిత్రను మీలో పలువురు వినియుందురు. మనము సాధారణముగా ఆ కథను కుమారుని తట్టునుండియే చెప్పుకొందుము. దర్శనము, శ్రమలు, కాషాయ వస్త్రము, హిమాలయములు – ఇవియే మనకు జ్ఞాపకము. ఈ నెల నేను ఆ కథను తండ్రి మంచము దగ్గర నిలిచి చూడగోరుచున్నాను. ఎందుకనగా మనలో సాధువులు కొందరే. తండ్రులు, తల్లులు అనేకులు.

ఆ తండ్రికి ఆ మాట ఎంత వింతగా నుండెనో తెలియవలెనన్న, అంతకు రెండు దినముల క్రిందట ఆ యింటి ముంగిట జరిగిన సంగతి తెలియవలెను. డిసెంబరు 16న ఆ బాలుడే క్రైస్తవుల సువార్త గ్రంథమును చింపి, అందరు చూచుచుండగా అగ్నిలో వేసి కాల్చెను. తండ్రి వచ్చి చూచి, మంచి గ్రంథమును కాల్చుట వెఱ్ఱి పనియని కుమారుని గద్దించెను. ఇది మనము మరువరాదు. షేర్ సింగుగారు క్రైస్తవుడు కాడు. అయినను ఇతరుల దేవుని గ్రంథమును తన ముంగిట కాల్చనిచ్చువాడును కాడు. ఆయన న్యాయము తెలిసిన మనుష్యుడు.

బాలునికి ఆ కోపము ఎక్కడినుండి వచ్చెను? దానికి కారణము అతని దుఃఖము. సుందర్ 1889వ సంవత్సరము సెప్టెంబరు 3న పుట్టెను. తల్లి మిక్కిలి భక్తురాలు. కుమారుని వెంటబెట్టుకొని అడవిలోనున్న ఒక వృద్ధ సాధువునొద్దకు పోయి, అతనికి దైవసంగతులు నేర్పించెడిది. ఏడేండ్లు వచ్చుసరికి ఆ పిల్లవాడు భగవద్గీతను కంఠస్థము చేసెను. అన్నలవలె లోకముననుసరింపక, ఇతడు సాధువు కావలెనని ఆమె కోరెడిది. అట్టి తల్లి అతని 14వ ఏట మరణించెను. ఆమె లేని ఇంటిలో అతనికి శాంతి లేదు, ఏ గ్రంథములోను అది దొరకలేదు. ఊరిలో అమెరికను ప్రెస్బిటేరియను మిషనువారి బడి యుండెను. అక్కడ బైబిలు చదువవలెననుట అతనికి గిట్టలేదు. బడి మానివేసెను, సువార్తికుల మీదికి రాళ్లు రువ్వెను, చివరకు గ్రంథమును కాల్చెను. కాల్చిన తరువాత మనస్సు మరింత మండెను.

అంతట అతడు ఒక భయంకర నిశ్చయము చేసికొనెను. 18వ తేదీ మూడు గంటలకు లేచి, ఆ చలిలో చన్నీళ్ల స్నానము చేసి, దేవుడనువాడొకడు ఉన్నయెడల తనకు మార్గము చూపవలెనని ప్రార్థింప మొదలుపెట్టెను. జవాబు రానియెడల, అయిదు గంటలకు ఇంటికి దగ్గరగా పోవు లూధియానా రైలు క్రింద తలపెట్టుటకు సిద్ధపడెను. నాలుగున్నర గంటల వేళ గది వెలుగుతో నిండెను. ఇల్లు అంటుకొన్నదేమోయని అతడు తలుపు తీసి చూచెను. బయట చీకటియే. తిరిగి మోకరించినప్పుడు, ఆ వెలుగులో తాను ఎదురుచూడని ఒకని రూపమును చూచెను. ఎన్నాళ్లు తన్ను హింసింతువని ఆయన హిందూస్తానీలో అడిగినట్లు సుందర్ సింగుగారు బ్రదికినన్నాళ్లు సాక్ష్యమిచ్చిరి. దమస్కు మార్గమున సౌలు వినిన ప్రశ్న వంటిదే అది.

లేచి, ఆ సంగతిని మొట్టమొదట ఎవరితో చెప్పెను? తండ్రితోనే. మిషనరీ దొరతో కాదు, బడి ఉపాధ్యాయునితో కాదు. తనకు తల్లి లేదు గనుక తండ్రినే లేపెను.

తండ్రి నమ్మలేదు. నిన్నగాక మొన్న గ్రంథమును కాల్చినవాడవు, నేడు ఆ గ్రంథములోని వానిని చూచితినందువా, పోయి పండుకొమ్మను భావముతో త్రోసివేసెను. కుమారుడు వాదింపలేదు. కాల్చినవి ఈ చేతులేయనియు, ఆ పాపమును తాను కడుగుకొనలేననియు మాత్రము ఒప్పుకొనెను.

సహోదరులారా, మనము షేర్ సింగుగారిని తొందరపడి తప్పు పట్టకుందుము. మన పిల్లవాడు ఒకడు చీకటితో లేచివచ్చి, గదిలో దేవుని చూచితినని చెప్పినయెడల మనమేమి చేయుదుము? జ్వరమేమోయని నుదురు తాకి చూచెదము. సంఘకాపరినైన నాయొద్దకు అట్టి పిల్లలను తీసికొని వచ్చినవారు కలరు. అయ్యగారూ, వీడు చెప్పునది నమ్మవలెనా, దెబ్బలు వేయవలెనా అని అడిగిరి. ఆ ప్రశ్నకు తేలికయైన జవాబు నాకు ఎన్నడును దొరకలేదు.

నా సంగతియే చెప్పుదును. కొన్ని ఏండ్ల క్రిందట నా రెండవవాడు బడినుండి ప్రొద్దుగూకిన తరువాత ఒళ్లంతయు బురదతో, పలక లేకుండ ఇంటికి వచ్చెను. కాలువ బురదలో గొర్రెపిల్ల దిగబడగా పలకతో బురద త్రవ్వి దానిని తీసితిననియు, పలక జారి నీళ్లలో పోయెననియు చెప్పెను. ఆటలాడి పలక పోగొట్టుకొని కథలు అల్లుచున్నాడని నేను వాని చెవి మెలిపెట్టి, ఆ పూట అన్నము పెట్టవద్దని వాని తల్లితో చెప్పితిని. మరునాడు ఉదయమున గొర్రెలకాపరి ఒకడు మా వాకిట నిలిచి, తాను కాలువలో వెదకి తీసిన పలకను చేతికిచ్చి, పాస్టరుగారి అబ్బాయి లేకపోయిన తన పిల్ల దక్కకపోవునని చెప్పెను. ఆ దినమున నా కుమారుని ముఖము చూచుటకు నాకు ధైర్యము చాలలేదు. అదియొక చిన్న సంగతి. వాడు అది మరచిపోయియుండును; నేను మరువలేదు.

షేర్ సింగుగారికి ఆ విధముగా పలక తెచ్చి యిచ్చువాడు ఎవడును లేడు. ఆ వెలుగును చూచిన రెండవ సాక్షి లేడు. ఆయన యెదుట నున్నది బాలుని మాట ఒక్కటే. అయితే ఆయన విచారింపదగినది కొంత యుండెను. అబద్ధమాడువాడు ఏదోయొకటి దక్కించుకొనుటకు ఆడును. ఈ బాలునికి ఈ మాటవలన దక్కునదేమి? ఆస్తి పోవును, కులము పోవును, బంధువులు పోవుదురు. పోనీ పిచ్చియందమా? పిచ్చివానికి రెండు దినముల నాటి తన తప్పు అంత స్పష్టముగా తెలియునా? ఆ ఉదయమున తండ్రి ఈ విధముగా తర్కింపలేకపోయెను. నిద్రలోనుండి లేపబడిన మనుష్యుడు ఎట్లు తర్కించును? తరువాత తర్కించుటకు ఆయనకు నెలలు దొరికెను. ఆ నెలలలో ఆయన ఆ మాటను విచారింపక, దానిని మాన్పించుటకే పూనుకొనెను.

మొదట ప్రేమతో ప్రయత్నించిరి. పినతండ్రి వరుసవాడగు ధనికుడొకడు బాలుని తన యింటి నేలమాళిగలోనికి తీసికొనిపోయి, పెట్టె తెరచి నోట్లను, నగలను చూపి, కుటుంబమున నిలిచినయెడల అదంతయు నీదేయని చెప్పెను. అంతటితో నిలువక తన తలపాగా తీసి బాలుని పాదములయొద్ద పెట్టెను. సిక్కు పెద్దమనిషి తలపాగా అనగా అతని గౌరవమంతయు అదే. బాలుని కన్నులు నీళ్లతో నిండెను, గాని మనస్సు మారలేదు. నాభా సంస్థానపు రాజుగారి యెదుట కూడ నిలువబెట్టి, సింగు అను పేరునకు తగినట్లు సింహమువలె నుండవలెనని చెప్పించిరి. ఫలము లేకపోయెను. ఒక దినమున సుందర్ సిక్కుల గురుతైన తన పొడుగు వెండ్రుకలను కత్తిరించుకొనెను. తండ్రి అది సహింపలేకపోయెను. కుమారుడు కాడని శపించి ఇల్లు వెడలగొట్టెను. ఆ రాత్రి అతడు చెట్టు క్రింద చలిలో గడపెను.

పోవునప్పుడు ఇంటిలో పెట్టిన భోజనములో విషము కలిపిరి. రైలులోనే కడుపునొప్పి పుట్టగా, రూపరు అను ఊరిలో దిగి, అక్కడి భారతీయ సంఘకాపరి యింటికి చేరెను. వైద్యుడు ఆశ వదలుకొనెను. అయినను దేవుడు అతని బ్రదికించెను. విషము పెట్టుట ఎవరి యోచనయో, దానిలో తండ్రి పాలు ఎంతయో చెప్పుటకు నాకు ఆధారము లేదు. ఆ సంగతిని దేవునికి విడిచిపెట్టుచున్నాను.

1905 సెప్టెంబరు 3న, తన 16వ జన్మదినమున, సిమ్లాలో సుందర్ బాప్తిస్మము పొందెను. 33 దినములకు కాషాయ వస్త్రము ధరించి, చేత క్రొత్త నిబంధన పట్టుకొని, కాళ్లకు చెప్పులు లేకుండ బయలుదేరెను. మిషను జీతమును, పదవియు కోరలేదు. గమనించితిరా? సాధువు కావలెనని కోరిన తల్లి కోరిక ఈ విధముగా నెరవేరెను. ఆమె తలంచిన మార్గమున కాదు, అయినను నెరవేరెను.

ఇప్పుడు చెప్పబోవు సంగతి చదువునప్పుడెల్ల నా గొంతు పట్టుకొనును. సాధువైన తరువాత ఒకప్పుడు ఆయన తండ్రి యింటికి వెళ్లెను. తండ్రి మొదట లోపలికి రానియ్యలేదు. కొంతసేపటికి ఆ రాత్రికి మాత్రము ఉండనిచ్చెను. తమ పాత్రలు మైలపడకుండ ఎడముగా కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను. నీళ్లు త్రాగుటకు పాత్ర ఇయ్యలేదు. దోసిలి పట్టుమని చెప్పి, పాత్రను ఎత్తుగా పట్టుకొని, అంటరానివారికి పోసినట్లు పైనుండి నీళ్లు పోసెను.

ప్రియులారా, ఈ నీళ్లు పోయు పద్ధతిని మన సంఘములకు ఒకరు వివరింపనక్కరలేదు. పెద్దిండ్ల వాకిట, హోటలు వెలుపల, బావి గట్టున దోసిలి పట్టి నిలిచిన దినములను మన తాతలు, అవ్వలు చెప్పగా వినియున్నాము. పరాయివాడు పోసిన నీళ్లే అంత చేదుగా నుండగా, కన్నతండ్రి పోసిన నీళ్లు ఎట్లుండును? సుందర్ కన్నీరు ఆపుకొనలేకపోయెను. ఒకప్పుడు తన్ను అంతగా ప్రేమించిన తండ్రి ఇట్లు చేసెనని ఆయన తరువాత చెప్పుకొనెను. అయినను తిరిగి దూషింపలేదు. దేవుని స్తుతించి వెళ్లిపోయెను.

యోసేపు తన కలను చెప్పినప్పుడు అతని తండ్రియు కోపపడెను. తల్లియు తండ్రియు కుమారునికి సాగిలపడుటయా అని యాకోబు అతని గద్దించెను. అన్నలు ఆ కలను విని పగపట్టిరి. యాకోబు మాత్రము ఆ సంగతిని పారవేయలేదు, మనస్సున ఉంచుకొనెను. నమ్మెనని అక్కడ వ్రాయబడలేదు, నమ్మలేదనియు వ్రాయబడలేదు. నమ్ముటకును త్రోసివేయుటకును మధ్య తండ్రికి అట్టి చోటు ఒకటి కలదు. షేర్ సింగుగారు అన్నలవలె ప్రవర్తించెను. అయితే యాకోబువలె ఆ సంగతిని ఎక్కడో దాచుకొని యుండెనని నాకు తోచుచున్నది. లేనియెడల తరువాత జరిగినది జరుగకపోవును.

ఆ తరువాతి ఏండ్లను క్లుప్తముగా చెప్పెదను. 1908లో, 19 ఏండ్ల వయస్సున, మొదటిసారి టిబెట్టు వెళ్లెను. లాహోరులో కొన్నాళ్లు వేదాంత పాఠశాలలో చదివెను గాని, ఆ గోడల మధ్య నిలువలేదు. 1918లో మదరాసుకును, తిరువాన్కూరునకును, సింహళమునకును వచ్చి అనేకులకు సాక్ష్యమిచ్చెను. పిమ్మట బర్మా, మలయా, చీనా, జపాను దేశములకు వెళ్లెను. ఎక్కడికి పోయినను ఆ డిసెంబరు ఉదయపు సంగతిని అదే విధముగా చెప్పెను.

ఇక్కడ దాచకుండ చెప్పవలసినది ఒకటి కలదు. సాధువుగారు చెప్పిన అన్ని సంగతులను అందరును నమ్మలేదు. కైలాస పర్వత ప్రాంతమున మిక్కిలి వృద్ధుడైన ఒక మహర్షిని చూచితిననియు, టిబెట్టులో తన్ను ఎముకలతో నిండిన బావిలో పడవేయగా అద్భుతముగా విడుదల పొందితిననియు ఆయన చెప్పెను. 1920 తరువాతి ఏండ్లలో ఐరోపాలో వీటినిగూర్చి గొప్ప వివాదము పుట్టెను. మార్బుర్గు పండితుడు హైలర్ ఆయన పక్షమున 1924లో పెద్ద గ్రంథము వ్రాసెను. స్విట్జర్లాండు పాస్టరు ఫిస్టర్ ఆయన చరిత్ర కట్టుకథయని వ్రాసెను. ఆయన స్నేహితులలో కూడ కొందరు ఆ పర్వతపు కథలయెడల సందేహపడిరి. నేను సెమినరీలో నున్న దినములలో ఈ వివాదమును చదివి కలవరపడితిని. ఇప్పుడు ఆ కలవరము లేదు. మహర్షి కథను నేను సంఘములో ప్రసంగింపను. 18వ తేదీ సంగతిని ప్రసంగింతును. ఎందుకనగా దానికి సాక్షి హైలర్ కాడు, ఫిస్టర్ కాడు. సువార్తను కాల్చినప్పుడు ముంగిటనుండి గద్దించినవాడు, దర్శనమును మొదట విని నమ్మనివాడు, నమ్మకుండుటకు అన్ని కారణములు కలవాడు ఆ యింటిలోనే యుండెను.

సౌలును యెరూషలేములోని శిష్యులు నమ్మలేదు, అతనికి భయపడిరి. అప్పుడు బర్నబా అతని చేయి పట్టుకొని తీసికొనిపోయెను. వెలుగును బర్నబా చూచెనా? లేదు. దమస్కులో సౌలు ధైర్యముగా బోధించిన సంగతి యెరిగియుండెను. వెలుగు చూడనివాడు వెలుగు చూచినవాని నడతను చూడగలడు. షేర్ సింగుగారికి అట్లు చూచుటకు 15 సంవత్సరములు పట్టెను. తాను దోసిలిలో నీళ్లు పోసినవాడు, తిరిగి ఒక చెడ్డ మాట పలుకలేదు. తాను ఆస్తి లేకుండ పంపినవాడు, ఆస్తి అడుగుటకు ఎన్నడును రాలేదు. బాలుని చాపల్యమైనయెడల ఒక సంవత్సరము నిలుచునేమో. ఆకలిలో, మంచులో, రాళ్ల దెబ్బలలో 15 ఏండ్లు నిలుచునా?

సాధువుగారి అంత్యదినములనుగూర్చి ఒక మాట. 1929 ఏప్రిలులో, ఆరోగ్యము చెడియున్నను, సబాతులోని తన యింటినుండి మరల టిబెట్టుకు బయలుదేరెను. ఆ తరువాత ఆయనను ఎవరును చూడలేదు. స్నేహితులు వెదకిరి గాని జాడ దొరకలేదు. 39 ఏండ్ల వయస్సు.

అయితే అంతకు పది సంవత్సరములకు ముందే ఆ రాంపూరు ఇంటి సంగతి తీరిపోయెను. 1919లో తూర్పు దేశములనుండి తిరిగివచ్చి సుందర్ సింగుగారు తండ్రిని చూడబోయెను. ఈసారి తలుపు మూయబడలేదు. షేర్ సింగుగారు వృద్ధుడై యుండెను. కుమారుడు చూచిన ప్రభువును తానును నమ్మితినని ఆయన చెప్పెను. తన ఆత్మకు కన్నులిచ్చినవాడు ఈ కుమారుడే గనుక, అతని చేతులతోనే బాప్తిస్మము పొందగోరుచున్నానని అడిగెను.

ఆ చేతులు ఏవో మీకు తెలియును. సువార్తను చింపి అగ్నిలో వేసినవి ఆ చేతులే. పైనుండి పోసిన నీళ్లను పట్టినవియు ఆ చేతులే.

కుమారుడు ఒప్పుకొనలేదు. వేలకొలది జనులు అడిగినను తాను ఎవరికిని బాప్తిస్మమియ్యలేదనియు, తన పని సాక్ష్యమిచ్చుట మాత్రమేననియు, తండ్రియైనను ఆ నియమము మార్చలేననియు వినయముగా చెప్పెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయము 17వ వచనమును చూడుడి. తండ్రి కోపపడలేదు.

సుందర్ సింగుగారు అప్పుడు ఇంగ్లండు వెళ్లగోరుచుండిరి. చేత కాసు లేదు. ఎవరిని అడుగుట ఆయన అలవాటు కాదు. ఆ ప్రయాణపు ఖర్చును షేర్ సింగుగారు తానే ఇచ్చెను. 1920 ఫిబ్రవరిలో సుందర్ సింగుగారు ఇంగ్లండులో దిగి, తెల్లవారుజామున తండ్రిని లేపి చెప్పిన ఆ మాటనే, తండ్రి సొమ్ముతో వచ్చి, అక్కడి జనులకు చెప్పెను.